కనబడని పనికి కొలమానం
(ఫకీర్ చంద్ కోహ్లీ స్మృతిలో చేసిన ఉపన్యాసం)



మనం ఇవాళ తలచుకుంటున్న కోహ్లీ గారు 1924 మార్చి 19న పెషావర్‌లో పుట్టారు. లాహోర్‌లో చదివి, కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పూర్తి చేసి, 1950లో ఎం.ఐ.టి. నుంచి మాస్టర్స్ పట్టా తీసుకున్నారు. 1951లో టాటా ఎలక్ట్రిక్‌లో చేరి లోడ్ డిస్పాచ్ వ్యవస్థను నెలకొల్పే పనిలో పాలుపంచుకున్నారు. కొండల్లో ఉన్న జలవిద్యుత్ కేంద్రం ఏ వేళకు ఎంత కరెంటు తీయాలో, బొంబాయి నగరానికి ఎంత పంపాలో ఒకచోట కూర్చుని లెక్కగట్టి నడిపే పని అది. 1968లో మొదలైన టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు (టి.సి.ఎస్.కు) ఆ మరుసటి ఏడాది వచ్చి, 1996 దాకా దాన్ని నడిపించారు. 2002లో పద్మభూషణ్ అందుకున్నారు. 2020 నవంబరు 26న, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు. దేశంలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో ఎక్కువమంది ఇళ్లలో కూర్చుని పనిచేస్తున్న ఏడాది అది.

తెలుగువాళ్లం ఆయన్ను తలచుకోవడానికి ఇంకో కారణం ఉంది. అక్షరం రాని పెద్దవాళ్లకు కంప్యూటర్ సాయంతో చదువు చెప్పవచ్చని ఆయన పట్టుబట్టారు. ఆ ప్రయత్నం మొట్టమొదట జరిగింది తెలుగులోనే, 2000 ఫిబ్రవరిలో, అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో. ఓనమాలతో మొదలుపెట్టకుండా, తెలిసిన మాటను బొమ్మతో చూపించి ఆ మాటలోంచి అక్షరాన్ని గుర్తుపట్టించే పద్ధతి అది. శిక్షణ పొందిన ఉపాధ్యాయులు లేకుండానే అక్కడి ఆడవాళ్లు ఎనిమిది పది వారాల్లో తెలుగు దినపత్రిక చదవడం మొదలుపెట్టారు. ఆ తరగతికి గీటురాయి ఏమిటో గమనించండి. ఎన్ని గంటలు కూర్చున్నారన్న ప్రశ్న వెనక్కి పోయింది. పత్రిక చేతికిస్తే చదవగలుగుతున్నారా లేదా అన్నదే పరీక్ష అయింది. ఇప్పుడు బీరంగూడ హైదరాబాద్ అంచున అపార్ట్‌మెంట్లతో నిండిపోయింది. పొద్దున్నే అక్కడి నుంచి గచ్చిబౌలి వైపు వెళ్లే బండ్లలో ఉండేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వాళ్లే. ఈ సభలోనూ ఆ దారిన వచ్చినవాళ్లు ఉండే ఉంటారు.

ఈ సాయంత్రం నా వాదన ఒక్కటే. ఇంటి నుంచి పనా, ఆఫీసుకు వచ్చి చేసే పనా అన్న తగవు అసలు తగవు కాదు. మెదడుతో చేసే పనిని కొలవడం మనం ఇంకా నేర్చుకోలేదు. ఆ చేతకానితనం వల్లే మనిషి కనబడటాన్ని కొలమానంగా పెట్టుకున్నాం. ముందు కొలత సరిచేసుకుంటే, ఎక్కడ కూర్చోవాలన్నది ఆయా పనుల అవసరాన్ని బట్టి దానంతటదే తేలిపోతుంది. దీన్ని ఏడు మెట్లలో చెబుతాను.

1. దూరమే పునాది

మన సాఫ్ట్‌వేర్ పరిశ్రమ పుట్టిందే దూరంగా ఉండి పని చేయడంతో. 1974లో కోహ్లీ గారి సంస్థకు అమెరికా కంప్యూటర్ తయారీదారు బరోస్ నుంచి పని వచ్చింది. ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్‌ను ఆ కంపెనీ ఒక రకం యంత్రం నుంచి ఇంకో రకం యంత్రానికి మార్చి ఇవ్వాలి. అప్పట్లో విదేశీ మారకద్రవ్యం కరువు. కంప్యూటర్ దిగుమతి చేసుకోవాలంటే లైసెన్సు కావాలి, ఎగుమతులు చేసి చూపిస్తామని ప్రభుత్వానికి హామీ ఇవ్వాలి. అలాంటి రోజుల్లో, సముద్రాల అవతలి క్లయింటు ఇక్కడి ఇంజనీర్లకు పనిని ఒప్పజెప్పాడు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో కేంద్రం తెరిచి, ఉపగ్రహం ద్వారా అమెరికాలోని తన యంత్రాలతో దాన్ని కలుపుకుంది. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ వచ్చి, చిన్న కంపెనీలకూ అలాంటి లింకులు అందుబాటులోకి తెచ్చింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరవాతి కథ మన ఇళ్లలో జరిగిందే.

ఈ యాభై ఏళ్ల చరిత్రలో క్లయింటు మనల్ని ఏమడిగాడు? మీ ప్రోగ్రామరు ఎన్నింటికి కుర్చీలో కూర్చుంటాడని అడగలేదు. ఏం ఇస్తారు, ఎప్పటికి ఇస్తారు, అందులో తప్పులెన్ని ఉంటాయి, తప్పు బయటపడితే ఎంతసేపట్లో సరిచేస్తారు అని అడిగాడు. వాటికి జవాబు చెప్పడానికే మనవాళ్లు కావలసినదాన్ని కాగితం మీద పెట్టడం, మార్పును నమోదు చేయడం, ఒకరి కోడ్‌ను ఇంకొకరు పరిశీలించడం, పరీక్షించి ఫలితం చూపించడం నేర్చుకున్నారు. మన కంపెనీలు ప్రపంచస్థాయి నాణ్యతా ధ్రువపత్రాలు తెచ్చుకున్నది అందుకే. పదివేల కిలోమీటర్ల దూరాన్ని నమ్మకంతో దాటించిన సాధన అది.

అలాంటి పరిశ్రమే తన ఉద్యోగి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటే పని జరుగుతుందో లేదోనని దిగులుపడుతోంది. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఈ వైరుధ్యానికి కారణం ఏమిటో వెతకాలి.

2. గంటల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది

అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు 1911లో ప్రచురించిన పుస్తకం ఆధునిక మేనేజ్‌మెంట్‌కు పునాది వేసింది. బెత్లెహెమ్ ఉక్కు కర్మాగారంలో ఇనుప దిమ్మెలు మోసే కూలీ, రోజుకు పన్నెండున్నర టన్నులు మోసేవాడల్లా, తన పద్ధతిలో 47 టన్నులు మోశాడని ఆయన రాశాడు. చేతిలో స్టాప్‌వాచీ, కళ్లెదుట మనిషి. ఎత్తిన దిమ్మె అందరికీ కనిపిస్తుంది కాబట్టి అక్కడ ఆ లెక్క సాధ్యమైంది. 1959 నాటికి పీటర్ డ్రకర్ జ్ఞానంతో పనిచేసే శ్రామికుడి గురించి రాశాడు. అతని చేతిలో దిమ్మె లేదు. అరగంట కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాడు ఆ అరగంటలోనే ఒక లోపానికి మూలం పట్టి ఉండవచ్చు. రోజంతా కీబోర్డు టకటకలాడించినవాడు రేపు తీసిపారేయవలసిన కోడ్ రాసి ఉండవచ్చు. పని మారినా, పైవాళ్ల చేతిలోని స్టాప్‌వాచీ మాత్రం అలాగే ఉండిపోయింది.

మన దగ్గర దానికి ఇంకో కారణం తోడయింది. మన కంపెనీలు ఎక్కువకాలం అమ్మింది మనిషి గంటలను. ఇంతమంది, ఇన్ని నెలలు, గంటకు ఇంత అని బిల్లింగు. బిల్లు గంటల మీద వస్తున్నప్పుడు మేనేజరు గంటలనే కాపలా కాస్తాడు. అది అతని స్వభావదోషం అనలేం. బిల్లు అతనికి నేర్పిన పాఠం అది. చేతిలో ప్రాజెక్టు లేక బెంచి మీద ఉన్నవాడు నేరస్థుడిలా కుంచించుకుపోవడం, రాత్రి పదింటి దాకా ఉండిపోయినవాడికి అప్రైజల్‌లో మంచి పేరు రావడం, ఈ రెండూ అక్కడి నుంచి వచ్చినవే.

మన పల్లెల్లో నాట్లకు రెండు పద్ధతులు ఉన్నాయని మీలో చాలామందికి తెలుసు. రోజు కూలీకి పిలిస్తే గట్టు మీద ఎవరో ఒకరు నిలబడి చూడాలి. గుత్తకు ఇస్తే ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటారు. పొద్దున ఎన్నింటికి దిగారు, ఎప్పుడు అన్నం తిన్నారు అన్నది వాళ్ల ఇష్టం. అయితే గుత్తకు ఇచ్చిన రైతు ఇంటికి వెళ్లి పడుకోడు. సాయంత్రం మడిలోకి దిగి కుదుళ్ల మధ్య ఎడం చూస్తాడు, లోతు చూస్తాడు. అలా చూడటం రాని రైతు గుత్తకు ఇస్తే నష్టపోతాడు. మన ఆఫీసుల కష్టం సరిగ్గా ఇక్కడే ఉంది. మడిలోకి దిగి పని చూడగలిగిన మేనేజర్లు తక్కువ. గట్టు మీద నిలబడటం తెలిసినవారు ఎక్కువ. ఇంటి నుంచి పని మొదలయ్యేసరికి ఆ గట్టు మాయమైపోయింది.

1975లో ఫ్రెడ్ బ్రూక్స్ అనే ఆయన, ఐ.బి.ఎం.లో పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపిన అనుభవంతో ఒక పుస్తకం రాశారు. ఆలస్యమైన ప్రాజెక్టుకు కొత్తగా మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందన్నది అందులోని ముఖ్య సూత్రం. టీములో ఐదుగురు ఉంటే వాళ్ల మధ్య పది జతలు, పదిమంది ఉంటే 45 జతలు, యాభై మంది ఉంటే 1,225 జతలు. ప్రతి జత మధ్యా మాట నడవాలి. మనిషి నెలను లెక్కకట్టి సాఫ్ట్‌వేర్‌ను కొలవలేమని యాభై ఏళ్ల కిందటే తేలింది. మన బిల్లులు, మన రేటింగులు మాత్రం ఆ పాఠాన్ని ఇంకా పూర్తిగా ఒంటపట్టించుకోలేదు.

3. పరీక్షించి చూసినవారు ఏం చెప్పారు

ఇంటి నుంచి పని అన్నది కరోనాతో పుట్టిన ఆలోచన కాదు. అంతరిక్ష సాంకేతిక రంగంలో పనిచేసిన జాక్ నిల్లెస్ 1973లోనే ప్రశ్నను తిరగేసి వేశారు. మనిషిని పని దగ్గరికి తీసుకువెళ్లే బదులు పనిని మనిషి దగ్గరికి పంపితే ఏమవుతుంది? చమురు సంక్షోభపు రోజుల్లో, లాస్ ఏంజెలెస్‌లో, ఒక బీమా కంపెనీ ఉద్యోగులతో ఆయన దాన్ని పరీక్షించి చూశారు.

ఆ తరవాత వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది చైనాలో జరిగిన ప్రయోగం. సీట్రిప్ అనే ప్రయాణాల కంపెనీ కాల్ సెంటర్‌లో, ఇష్టపడి ముందుకొచ్చిన 249 మందిని పుట్టినరోజు సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్న లెక్కతో రెండుగా విడదీశారు. ఒక జట్టు వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి, రెండో జట్టు ఆఫీసు నుంచి, తొమ్మిది నెలలు పనిచేశాయి. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు 2015లో ఫలితాలు ప్రచురించారు. ఇంటి నుంచి చేసినవారి పని 13 శాతం పెరిగింది. మానేసి వెళ్లిపోయేవారి సంఖ్య సగానికి తగ్గింది. ఇంతవరకు అందరికీ గుర్తుంది. అదే పరిశోధనలో ఇంకో రెండు సంగతులు ఉన్నాయి, వాటిని మరచిపోతున్నాం. ఇంటి నుంచి అంతే బాగా పనిచేసినవారికి ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. ప్రయోగం ముగిసి, ఎవరి ఇష్టం వారిదని చెప్పినప్పుడు వాళ్లలో దాదాపు సగంమంది ఆఫీసుకు తిరిగి వచ్చేశారు. ఒంటరితనం వాళ్లను వెనక్కి తెచ్చింది.

అదే కంపెనీ, ఈసారి ట్రిప్.కామ్ పేరుతో, ఇంజనీర్లు, మార్కెటింగ్, ఫైనాన్స్ ఉద్యోగులు కలిపి 1,612 మందితో మరో ప్రయోగం చేసింది. వారానికి రెండు రోజులు ఇల్లు, మూడు రోజులు ఆఫీసు. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం పనితీరులో గాని, ప్రమోషన్లలో గాని తేడా రాలేదు. మానేసేవారు మూడో వంతు తగ్గారు. మొదట మేనేజర్లను అడిగితే ఉత్పాదకత పడిపోతుందన్నారు. ప్రయోగం అయ్యాక అడిగితే కొంచెం పెరుగుతుందన్నారు. అనుమానం కళ్లారా చూసిన అనుభవం ముందు కరిగిపోయింది. మేనేజర్ల మీద నాకు నమ్మకం కలిగించిన పరిశోధన ఇది.

మన దేశం సంగతి చూద్దాం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఆ కొద్ది రోజుల్లో కంప్యూటర్లు ఆఫీసుల నుంచి ఇళ్లకు చేరాయి. అంతకుముందు కాల్ సెంటర్లు, బ్యాక్ ఆఫీసుల ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయాలంటే టెలికాం శాఖ నిబంధనలే అడ్డొచ్చేవి. 2020 నవంబరులో కేంద్రం వాటిని సడలించింది. దశాబ్దాలుగా కుదరదనుకున్నది కొద్ది నెలల్లో కుదిరింది. ఆ ఏడాదే టి.సి.ఎస్. 2025 నాటికి తన ఉద్యోగుల్లో ఏ సమయంలోనైనా నాలుగో వంతుకు మించి ఆఫీసులో ఉండనక్కర్లేదని ప్రకటించింది. 2023 చివరికి అదే సంస్థ వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. అమెరికాలో 2013లో యాహూ, 2017లో ఐ.బి.ఎం. అలాగే తమవారిని వెనక్కి పిలిచాయి. వెనక్కి పిలవడానికి సరైన కారణాలు ఉండవచ్చు. ఆ కారణాన్ని ఉద్యోగి ముందు పెట్టండి, ఏ పని చెడిందో చూపించండి అని మాత్రమే నేను అడుగుతున్నాను. కొలిచి చూసి తీసుకున్న నిర్ణయాన్ని ఉద్యోగి గౌరవిస్తాడు. కారణం చెప్పని ఉత్తర్వును భరిస్తాడంతే.

4. ఆఫీసు ఇచ్చేది ఏమిటి

ఇక్కడ కాసేపు ఆగి అవతలి పక్షం నుంచి మాట్లాడాలి. లేకపోతే నా వాదన సగం సత్యమే అవుతుంది.

కొత్తగా చేరినవాళ్లకు ఆఫీసు బడి లాంటిది. పక్క సీటు అన్నయ్య తప్పును ఎలా వెతుకుతాడో చూసి నేర్చుకునేది చాలా ఉంటుంది. అమెరికాలోని ఒక పెద్ద కంపెనీ ఇంజనీర్ల మీద జరిగిన అధ్యయనంలో, ఒకే భవనంలో కూర్చున్న టీములో కోడ్ మీద సలహాలు, దిద్దుబాట్లు ఎక్కువగా వచ్చాయని తేలింది. అందులో ఎక్కువ లాభపడింది కొత్తవారు. ఆ సలహాలిచ్చే సీనియర్లకు, ముఖ్యంగా సీనియర్ మహిళలకు, సొంత పని వెనకబడిందనీ అదే అధ్యయనం చెప్పింది. అంటే నేర్పడమన్నది ఎవరో ఒకరు తమ కాలంలోంచి తీసి ఇచ్చే పని. దాన్ని కంపెనీ ఏ కాలమ్‌లోనూ లెక్కగట్టదు.

ఇల్లు అందరికీ ఒకేలా ఉండదు. భీమవరంలో మేడమీద సొంత గది ఉన్న కుర్రవాడికీ, రెండు గదుల ఇంట్లో అత్తమామలు, పిల్లల మధ్య కూర్చుని కాల్ మాట్లాడే కోడలికీ ఇంటి నుంచి పని ఒకటే అనడం అన్యాయం. ఇంట్లో ఉంది కదా అని వంట ఆమె మీదే పడుతుంది. పని చేస్తోంది కదా అని జీతం ఇంట్లో లెక్కకు వస్తుంది. ఆఫీసుకు వెళ్లే ఆ గంటన్నర ప్రయాణమే తనకు దొరికే ఏకాంతమని చెప్పిన ఆడపిల్లలు ఉన్నారు. ఇంకోవైపు, ప్రసవం తరవాత ఉద్యోగం మానేయవలసి వచ్చేదాన్ని, ఇంటి నుంచి పని దొరకడం వల్ల నిలబడ్డాను అన్నవారూ ఉన్నారు. రెండు మాటలూ నిజమే. అందుకే అందరికీ కలిపి ఒకే ఉత్తర్వు, అది ఏ వైపుదైనా, కొందరికి దెబ్బే.

ఆఫీసును నేను వద్దనడం లేదు. దాన్ని దేనికి వాడుకోవాలో తెలియాలి. నేర్పడానికి, కొత్త టీము కుదురుకోవడానికి, చిక్కుముడి పడ్డ సమస్య ముందు నలుగురూ కూర్చోవడానికి ఆఫీసు గొప్ప చోటు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పక్క బల్ల వాళ్లతో కూడా తెర మీదే మాట్లాడటానికి మనిషిని రెండు గంటలు ట్రాఫిక్‌లో నడిపించడం వృథా.

5. తెర మీది బాసు

చార్లీ చాప్లిన్ 1936లో మోడర్న్ టైమ్స్ సినిమా తీశారు. అందులో కార్మికుడు చార్లీ కాసేపు ఊపిరి తీసుకోవడానికి స్నానాల గదిలోకి వెళ్లి సిగరెట్టు వెలిగిస్తాడు. గోడ మీద పెద్ద తెర వెలుగుతుంది. ఫ్యాక్టరీ యజమాని ముఖం అందులో కనబడి, వెళ్లి పని చేసుకో అని గద్దిస్తుంది. ఇంటింటికీ టెలివిజన్ రాని రోజుల్లో ఊహించిన దృశ్యం అది. దయచేసి ఇంటికి వెళ్లాక మీ పిల్లలతో కలిసి ఒకసారి చూడండి. నిమిషనిమిషానికీ ఉద్యోగి తెర ఫొటో తీసే సాఫ్ట్‌వేర్, మౌసు కదలికను లెక్కపెట్టే సాధనం, చాట్‌లో పేరు పక్కన వెలిగే ఆకుపచ్చ చుక్క, ఇవన్నీ ఆ తెరకు వారసులు.

వాటివల్ల ఏం జరుగుతుందో కూడా చూశాం. 2024లో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు నొక్కుతున్నట్టు భ్రమ కల్పించారని డజనుకు పైగా ఉద్యోగులను తొలగించింది. కంపెనీని మోసగించడం తప్పే. అయితే మౌసు కదలికను కొలిస్తే మనుషులు మౌసును కదిలిస్తారు. ఏది కొలుస్తామో అదే పండుతుంది. 2022లో విప్రో, పోటీ కంపెనీలకు కూడా పనిచేస్తున్నారని 300 మందిని తీసేసినప్పుడు దేశమంతా నీతి గురించి చర్చించింది. ఒప్పందం తప్పినవారిది తప్పు. దాని పక్కన ఇంకో ప్రశ్న కూడా వేసుకోవలసింది. ఒక మనిషి సగం కాలమే తన దగ్గర పనిచేస్తుంటే, అతని పనిని చూసి మేనేజరు ఎందుకు పోల్చుకోలేకపోయాడు?

దూరం నుంచి పనిచేసేవారి విషయంలో మన సినిమా ఏం చెప్పిందో చూడండి. 2019లో వచ్చిన మహర్షిలో కథానాయకుడు అమెరికాలో పెద్ద కంపెనీ అధిపతి. స్నేహితుడి కోసం పల్లెకు వచ్చి, ఆ ఊళ్లోనే ఆఫీసు పెట్టుకుని అక్కడి నుంచి కంపెనీ నడుపుతాడు. కరోనాకు ఏడాది ముందు మాట అది. హాల్లో ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. ఊరి కోసం, స్నేహితుడి కోసం పనిని తన వెంట తెచ్చుకున్న మనిషి మనకు వీరుడిలా కనిపించాడు. మరి తండ్రికి ఆపరేషన్ అయింది, రెండు నెలలు ఊరి నుంచి చేస్తానని ఒక జూనియర్ అడిగితే అతనిలో మనకు బద్ధకస్తుడే ఎందుకు కనిపిస్తాడు? పైవాడికి ఇచ్చే నమ్మకం కిందివాడికి ఇవ్వలేకపోతున్నాం.

2020 కరోనా కాలంలోనే యూట్యూబ్‌లో సాఫ్ట్‌వేర్ డెవలవ్‌పర్ అనే తెలుగు సిరీస్‌ను లక్షలాది యువతీయువకులు చూశారు. ఆఫీసు ప్రేమలు, టీములో చిన్నచిన్న అలకలు, క్యాంటీన్ కబుర్లు. గదుల్లో బందీలైన పిల్లలు దాన్ని అంతగా హత్తుకున్నారంటే, వాళ్లు పోగొట్టుకున్నది కుర్చీని కాదు, తోటి మనుషులను అని అర్థం చేసుకోవాలి. మేనేజ్‌మెంట్ పుస్తకాలు చెప్పని సంగతులు ప్రజలు చూసే వినోదం చెబుతుంది. మనుషులకు తోడు కావాలి, కాపలా అక్కర్లేదు.

6. ఎన్నడూ కలవనివారి పని

దూరంగా ఉండి గొప్ప పని చేయడం సాధ్యమేనా అన్నదానికి ప్రపంచం నిత్యం వాడుకుంటున్న జవాబు ఒకటుంది. 1991 ఆగస్టులో ఫిన్‌లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి నలుగురికీ తెలియజేశాడు. ఇవాళ మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోను నడుస్తున్నది ఆ లినక్స్ మీదే. వేలాది మంది, వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కంపెనీల్లో ఉంటూ దాన్ని కట్టారు, కడుతూనే ఉన్నారు. వాళ్లలో చాలామంది ఒకరినొకరు చూసుకోలేదు. ఎవరు ఏ వాక్యం మార్చారో, ఎందుకు మార్చారో నమోదు చేయడానికి 2005లో టోర్వాల్డ్స్ గిట్ తయారుచేశాడు. మన కంపెనీల్లో చాలామంది ఇంజనీర్లు రోజూ వాడేది అదే సాధనం.

మన భాషలోనూ ఉదాహరణ ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉన్నవారు, విజయవాడలో ఉన్నవారు, అమెరికాలో ఉన్నవారు, విశ్రాంత ఉద్యోగులు, విద్యార్థులు జీతం లేకుండా రాశారు. అక్కడ హాజరుపట్టీ లేదు, గేటు దగ్గర కార్డు స్వైపు లేదు. ప్రతి మార్పూ మార్చినవారి పేరుతో నిలిచి ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు, అభ్యంతరం చెప్పవచ్చు, చర్చ అందరి ముందూ జరుగుతుంది.

ఈ రెంటిలో ఉన్న గుణాలు చూడండి. నిర్ణయం రాతలో ఉంటుంది. పని అందరి ముందూ పరిశీలనకు నిలుస్తుంది. పరిశీలించేవాడికి పని తెలుసు. చేసినవాడి పేరు చెరిగిపోదు. ఇవి ఉన్నచోట దూరం అడ్డు కాలేదు. మన ఆఫీసుల్లో చాలా నిర్ణయాలు టీ దగ్గర, వరండాలో, ఫోనులో నోటిమాటగా జరుగుతాయి. అక్కడ లేనివాడు తెలియనివాడైపోతాడు. అలాంటి చోట ఇంటి నుంచి చేసేవాడు వెనకబడక తప్పదు. సీట్రిప్‌లో ప్రమోషన్లు తగ్గడానికి కూడా కంటికి దూరమైనవాడు మనసుకూ దూరమవడమే కారణమై ఉండవచ్చు.

దూరాన్నుంచి పని చేయడమంటే ముందుగా రాయడం. సమస్యను అర పేజీలో స్పష్టంగా పెట్టడం, చేసిన నిర్ణయానికి కారణం రెండు వాక్యాల్లో చెప్పడం. మన ఇంజనీరింగు కాలేజీలు పిల్లలకు మూడు నాలుగు ప్రోగ్రామింగ్ భాషలు నేర్పుతాయి. పది వాక్యాలు తడబడకుండా రాయడం నేర్పవు. ఇక్కడ ఉపాధ్యాయులు ఉన్నారు కాబట్టి చేతులు జోడించి అడుగుతున్నాను, రాతను కూడా ఇంజనీరింగులో భాగంగా నేర్పండి. ఆలోచన ముందు తెలుగులో కుదిరినా సరే, కుదిరిన ఆలోచన ఏ భాషలోకైనా వెళ్లగలదు.

7. చేయవలసినవి

వాదన ముగింపుకు వచ్చింది. అడగవలసినవారిని అడగవలసినవి అడుగుతాను.

యాజమాన్యాలను మొదట అడుగుతున్నాను. మేనేజరును ఎంచుకునేటప్పుడు పని తెలిసినవాడిని ఎంచుకోండి, కోడ్ చదవడం మానేసినవాడికి టీము అప్పగించకండి. నేర్పేవారి కాలాన్ని లెక్కలోకి తీసుకుని, దానికి అప్రైజల్‌లో చోటివ్వండి. ఆఫీసుకు పిలిచే రోజున టీము అంతటినీ కలిపి పిలవండి, పిలిచిన పనేమిటో ముందే చెప్పండి. స్వైపు లెక్కతో జీతం కట్టే ముందు, ఆ స్వైపు వల్ల ఏ పని మెరుగైందో కొలిచి చూపించండి. దూరంగా ఉన్నవారికి ప్రమోషన్లు ఎలా వస్తున్నాయో ఏటా విడిగా చూసుకోండి.

ప్రభుత్వాలను అడుగుతున్నాను. ఇంటి నుంచి పనికి గంటల హద్దు లేకపోతే ఇల్లే రాత్రింబవళ్ల ఆఫీసవుతుంది. పనివేళ ముగిశాక ఫోను ఎత్తకపోయే హక్కును ఫ్రాన్స్ చట్టంలో పెట్టి 2017లోనే అమల్లోకి తెచ్చింది. పోర్చుగల్ 2021లో, ఆస్ట్రేలియా 2024లో అదే దారి పట్టాయి. మన లోక్‌సభలోనూ 2018లో ఎంపీ సుప్రియా సూలే ప్రైవేటు మెంబరు బిల్లు ప్రవేశపెట్టారు, అది చట్టం కాలేదు. వారానికి 70 గంటలు పనిచేయాలని పెద్దలు సలహా ఇచ్చే దేశంలో ఆ చట్టం అవసరం మరీ ఎక్కువ. అలాగే కరీంనగర్‌లో, కాకినాడలో, కర్నూలులో నాలుగు కంపెనీల ఉద్యోగులు ఒకేచోట కూర్చుని పనిచేసుకునే గదులు, నిలకడైన కరెంటు, నెట్ ఇవ్వండి. ఇల్లు ఇరుకైన ఆడపిల్లకు, మహానగరం వెళ్లలేని కొడుకుకు ఆ గది ఉద్యోగాన్ని నిలబెడుతుంది. తల్లిదండ్రులు ఉన్న ఊళ్లోనే జీతం ఖర్చవుతుంది.

ఉద్యోగులకూ ఒక మాట. నమ్మకం అడిగే హక్కు మీకుంది, దాన్ని నిలబెట్టే బాధ్యతా మీదే. చేసింది రాసి పెట్టండి. ఆగిపోతే ఆగిపోయానని ఆ రోజే చెప్పండి. మీ తరవాత వచ్చిన జూనియర్ కోసం వారానికి కొంత సేపు ఇవ్వండి, అందుకు ఆఫీసుకు రావలసి వస్తే రండి. ఒక జీతం మీద రెండు పనులు చేసి పట్టుబడిన ప్రతి మనిషీ, నిజాయితీగా ఇంటి నుంచి చేస్తున్న వందమంది దారి మూస్తున్నాడు.

గోడవార నిలబడి వింటున్న విద్యార్థులకు చివరి మాట. వచ్చే ఏడాది మీరు ఇంటర్వ్యూలకు వెళతారు. జీతం ఎంత, ఏ ఊరు, ఎన్ని రోజులు ఆఫీసు అని తప్పక అడగండి. వాటితోపాటు ఇంకో ప్రశ్న అడగండి. నా పని బాగుందో లేదో మీరు దేన్ని చూసి చెబుతారు? ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన చోట చేరండి. అక్కడ ఇంట్లో కూర్చున్నా, ఆఫీసులో కూర్చున్నా మీరు ఎదుగుతారు. పదేళ్ల తరవాత మీరే మేనేజర్లయి, ఎవరో కుర్రవాడు మిమ్మల్ని అదే ప్రశ్న అడిగే రోజు వస్తుంది. ఆ రోజుకు జవాబు సిద్ధం చేసుకోవడం ఇవాళే మొదలుపెట్టండి.